22 పొయ్యిల జాతర

పుష్యమాసపు నెలవంక కనబడిన తర్వాత ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలంలోని కేస్లాపూర్‌లో మెస్రం వంశపు పెద్దలు కూర్చుంటారు. ఆ ఏటి జాతర పనులు మాట్లాడుకుంటారు. తర్వాత ఒక ఎడ్లబండి కడతారు. దాన్ని వాళ్లు ఛకడా అంటారు. అందులో దేవుణ్ణి ఊరేగించరు. బండి మోసుకెళ్లేది కబురు. 'నాగోబా జాతర వస్తోంది, బయల్దేరండి' అని ఊరూరా చెప్పి వస్తుంది. ఆ ప్రయాణంలో ముఖ్యమైన మజిలీ సిరికొండలో ఒక కుమ్మరి ఇల్లు. పూజకు కావలసిన కుండలు చేసిపెట్టమని చెప్పేది అక్కడే. తరతరాలుగా ఆ పని ఆ ఇంటివాళ్లదే.

జాతర అసలు మొదలు ఇదే. ఇంకా కొబ్బరికాయ కొట్టలేదు, గుడి తలుపు తీయలేదు. ముందు బంధువులకు కబురు, కుమ్మరికి పురమాయింపు. శుభలేఖ పంచి, అరివేణి కుండలకు చెప్పివచ్చే పెళ్లివారి ఇల్లు గుర్తొస్తే తప్పేమీ లేదు. నాగోబా జాతరను అర్థం చేసుకోవడానికి ఆ పోలికే సులువైన దారి.

టీవీలో మనకు కనిపించేది వేరు. పుష్య అమావాస్య రాత్రి వెలుగుల్లో గుడి, పడగ విప్పిన నాగదేవత, క్యూలో జనం, మంత్రుల దర్శనం, మూడో రోజుకో నాలుగో రోజుకో అధికారుల దర్బారు. చూసినవాళ్లు 'అడవిలో జరిగే నాగులచవితి కాబోలు' అనుకుంటారు. కార్తీకంలో మనం పుట్టను వెతుక్కుంటూ వెళ్లి పాలు పోసి వస్తాం. ఎవరింటివాళ్లు వాళ్లు వెళ్తారు, ఎవరి మొక్కు వాళ్లది. కేస్లాపూర్‌లో పుట్టను వెతుక్కోరు. ఏటా తమ చేతులతో మట్టి కలిపి కట్టుకుంటారు. నీళ్లు ఎవరు తేవాలి, మట్టి ఎవరు కలపాలి, వంట ఏ పొయ్యి మీద చేయాలి అన్నది చుట్టరికం తేలుస్తుంది. ఇది పాము పండగే. అయితే పాము చుట్టూ ఉన్నది ఒక వంశం. ఏడాదికోసారి ఆ వంశం తన లెక్క తాను సరిచూసుకునే చోటు ఇది.

మెస్రం అంటే ఎవరు?

ఆదిలాబాద్ కొండల్లోని రాజగోండులు తమ ఇంటిపేర్లను నాలుగు పెద్ద గుంపులుగా లెక్కపెట్టుకుంటారు. ఒక్కో గుంపును 'సగ' అంటారు. నలుగురు అన్నదమ్ముల సగ, ఐదుగురిది, ఆరుగురిది, ఏడుగురిది. వీటినే నాలుగు దేవతలవాళ్లు, ఐదు దేవతలవాళ్లు అని కూడా చెబుతారు. గోండి కూడా తెలుగులాగే ద్రావిడ భాష, మనకు దగ్గరి చుట్టం. వాళ్లు మొదటి గుంపును 'నాల్వేన్' అంటే అందులో మన నాలుగు వినబడుతుంది. మెస్రం వాళ్లు ఏడు దేవతల సగకు చెందినవాళ్లు.

ఈ లెక్కతో ఒక పెద్ద కట్టుబాటు ముడిపడి ఉంది. ఒకే సగలోని ఇంటిపేర్లవాళ్లు అన్నదమ్ముల కిందే లెక్క. వాళ్లలో వాళ్లకు పెళ్లి కుదరదు. పిల్లను తెచ్చుకోవాలన్నా ఇవ్వాలన్నా వేరే సగకు వెళ్లాలి. మనకు గోత్రం ఎలాగో, వాళ్లకు సగ అలాగ. కాకపోతే చాలా ఇళ్లలో గోత్రం పెళ్లిపీటల మీద, పూజలో సంకల్పం చెప్పేటప్పుడు మాత్రమే గుర్తొస్తుంది. గోండులకు సగ దేవుడి దగ్గర, చావు దగ్గర, పెళ్లి దగ్గర, అన్నిచోట్లా పలుకుతుంది. ఎందుకంటే ప్రతి వంశానికీ ఒక 'పెర్సాపేన్' ఉంటుంది. గోండిలో పేన్ అంటే దేవుడు, పెర్సా అంటే పెద్ద. పెర్సాపేన్ అంటే పెద్దదేవుడు. ఆ దేవుడి కొలువులో వంశంవాళ్లకు మాత్రమే చోటు.

మెస్రం వంశంలో 22 శాఖలున్నాయి. వాటిని 'కితలు' అంటారు. ఈ 22 అనే అంకెను గుర్తుపెట్టుకోండి. చివర్లో మళ్లీ పని ఉంది.

పాముగా పుట్టిన కొడుకు

నాగోబా కథకు చాలా రూపాలున్నాయి. ఎక్కువగా చెప్పుకునే కథలో నాగేంద్రుడు మెస్రం ఇంటి ఇల్లాలి కలలోకి వచ్చి, నీ కడుపున పుడతానంటాడు. అన్నట్టే పాము రూపంలో పుడతాడు. బిడ్డ పామైనా బిడ్డే గనక తల్లి అతనికి పెళ్లి చేయాలనుకుంటుంది. పిల్ల కోసం ఎక్కడో వెతకదు. తన తమ్ముడి కూతురు గౌరిని కోడలిగా తెచ్చుకుంటుంది. మన ఇళ్లలో మేనరికం అంటామే, అదే.

గౌరి పాము మొగుణ్ణి బుట్టలో పెట్టుకొని అత్త చెప్పిన దారిన బయల్దేరుతుంది. గోదావరి దగ్గర పాము మనిషి రూపానికి వస్తుంది. నీకు పేరు ప్రతిష్ఠలు కావాలా, సంప్రదాయం కావాలా అని భర్త అడుగుతాడు. ఆమె మొదటిది కోరుకుంటుంది. అతను మళ్లీ పామైపోతాడు. గౌరి గోదావరిలో కలిసిపోతుంది. పాము తిరిగి కేస్లాపూర్ చేరి పుట్టలో కొలువుంటుంది.

ఈ కథలో మహిమలు తక్కువ, వరసలు ఎక్కువ. నాగోబా ఆకాశం నుంచి దిగివచ్చిన దేవుడు కాదు, ఇంటి కొడుకు. గౌరి ఇంటి కోడలు. కోడలు తిరిగి ఇంటికి రాకుండా ఏటిపాలైంది. గోదావరి నీళ్లు తేవడం, కొత్త కోడళ్లను దేవుడి ముందు నిలపడం, ఈ జాతరలోని రెండు పెద్ద ఘట్టాలు. కథను పక్కన పెట్టుకొని చూస్తే వాటి బరువు తెలుస్తుంది.

నీళ్ల కోసం నడక

ఛకడా తిరిగివచ్చాక మెస్రం వాళ్లు కాలినడకన గోదావరికి బయల్దేరతారు. మంచిర్యాల జిల్లా జన్నారం మండలం కలమడుగు దగ్గర హస్తినమడుగు ఉంది. అక్కడి నీళ్లే కావాలి. రానూ పోనూ వంద కిలోమీటర్లకు పైనే. కాళ్లకు చెప్పులుండవు. నీళ్లు తెచ్చే పాత్రను 'ఝరి' అంటారు. దానికి తెల్లబట్ట చుట్టి, నేలకు తగలకుండా చూసుకుంటూ తెస్తారు. దారిలో ఊళ్లలో మజిలీ చేస్తారు. ఊరివాళ్లు ఎదురువచ్చి మర్యాద చేస్తారు. బండి వెళ్లి కబురు చెప్పివచ్చింది, ఇప్పుడు నడక వెళ్లి ముఖాలు చూసివస్తుంది. అడవిలో ఎక్కడెక్కడో విసిరేసినట్టుండే గూడేలను ఏటా ఒకసారి కలిపి కుట్టే దారం ఈ దారి.

జీపులో వెళ్తే పొద్దుగూకేలోగా నీళ్లు తెచ్చేయవచ్చు. ఆ సంగతి వాళ్లకు మనకంటే బాగా తెలుసు. నీళ్లు చేరితే సరిపోదు, నడిచి తేవాలన్నదే మొక్కు.

అన్నట్టు, ఇదే పుష్య అమావాస్య కోస్తావాళ్లకు చొల్లంగి అమావాస్య. కాకినాడ దగ్గర చొల్లంగిలో గోదావరి పాయ సముద్రంలో కలిసేచోట ఆ రోజు స్నానాలు చేస్తారు. ఒకే నది, ఒకే తిథి. కేస్లాపూర్‌లో ఆ నది నీళ్లతో దేవుడికి అభిషేకం చేస్తుంటే, కింద చొల్లంగిలో అదే నదిలో జనం మునకలు వేస్తుంటారు. ఈ రెంటికీ చరిత్రలో ముడి ఉందని చెప్పడం లేదు. తెలుగునేల ఒకచివర గోండులకూ మరోచివర కోస్తా రైతులకూ పంచాంగంలో ఒకే రాత్రి పెద్దదైందని గమనించమంటున్నాను.

మర్రిచెట్ల కింద

గోదావరి నుంచి తిరిగివచ్చినవాళ్లు నేరుగా గుడికి వెళ్లరు. ఇంద్రవెల్లిలో ఇంద్రమాయి గుడి దగ్గర పూజ చేస్తారు. తర్వాత కేస్లాపూర్‌లోని మర్రిచెట్ల కింద బస చేస్తారు. అమావాస్య దాకా అక్కడే. ఎదురుచూపు ఖాళీగా గడవదు. అక్కడ జరిగే పెద్దపని 'తూమ్'. గడిచిన ఏడాదిలో చనిపోయిన మెస్రం వాళ్ల పేరున చేసే కర్మ ఇది. వెళ్లిపోయినవాళ్లను పెద్దల్లో కలిపి సాగనంపిన తర్వాతే దేవుడి పూజ.

అమావాస్య నాడు పని పంపకం మొదలవుతుంది. సిరికొండ నుంచి వచ్చిన కొత్త కుండలతో ఆడపడుచులు కోనేటి నీళ్లు తెస్తారు. వాళ్లూ ఇంటి అల్లుళ్లూ కలిసి పుట్టమట్టి తవ్వి, ఆ నీళ్లతో కలిపి, కొత్తగా పుట్టను తీర్చిదిద్దుతారు. పక్కన సతీదేవతల గద్దె. ఇటుకా సిమెంటూ కాదు, మట్టీ నీళ్లూ.

పుట్ట కట్టే పని కొడుకులకు ఇవ్వకుండా బయటి ఇంటికి వెళ్లిన ఆడపిల్లలకూ, బయటినుంచి వచ్చిన అల్లుళ్లకూ ఎందుకిచ్చారు? మన పెళ్లిళ్లలో ఆడపడుచు చేయవలసినవి, మేనమామ చేయవలసినవి వేరుగా ఉంటాయి. ఆ మనిషి రాకపోతే ఆ పని ఆగిపోతుంది. అందుకే అలిగినవాళ్లను బతిమాలైనా పిలుచుకొస్తాం. ఇదీ అంతే. అల్లుడు రానిదే పుట్ట లేదు, ఆడపడుచు రానిదే నీళ్లు లేవు. దేవుడి పేరున వేసిన ఈ మెలిక చుట్టరికాలను తెగిపోనివ్వదు.

కుమ్మరి సంగతీ ఇలాంటిదే. ఆయన గోండు కాదు. అయినా ఆయన కుండ లేనిదే నీళ్లు రావు. ప్రధాన్లు కూడా వేరే తెగవాళ్లే. గోండుల వంశగాథలు నోటికి వచ్చేది వాళ్లకే. కిక్రీ అనే తీగవాద్యం మీద వాళ్లు కథ పాడితేనే మెస్రం వాళ్లకు తమ పుట్టుపూర్వోత్తరాలు తెలుస్తాయి. తోటీలూ గోండులకు ఇలాంటి కథకులే. ఒక వంశపు జ్ఞాపకం మరో తెగ గొంతులో భద్రంగా ఉండటం ఆశ్చర్యమే. పూజను నడిపే కటోడా, ఊరి పెద్ద పటేల్, కథ తెలిసిన ప్రధాన్, ముగ్గురూ ఉంటేనే సభ నిండుతుంది.

రాత్రి పొద్దుపోయాక డోలు, పెప్రె, కాలికోమ్ మోగుతుంటే హస్తినమడుగు నీళ్లతో నాగోబాకు అభిషేకం జరుగుతుంది. ఇదే మహాపూజ. మెస్రం వాళ్ల పూజ అయిన తర్వాత మిగతా జనానికి దర్శనం. తెలంగాణ నుంచే కాదు, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, ఒడిశా నుంచి కూడా గోండులు వస్తారు.

తెల్లచీరల కోడళ్లు

మహాపూజ అయిన రాత్రే 'భేటింగ్' జరుగుతుంది. మెస్రం ఇళ్లకు కొత్తగా వచ్చిన కోడళ్లను గోండిలో 'భేటి కొరియాడ్' అంటారు. తెల్లచీర కట్టుకొని, ముసుగు వేసుకొని, వరసగా దేవుడి ముందుకు వస్తారు. వాళ్లను పెద్దలు నాగోబాకు పరిచయం చేస్తారు. తర్వాత కోడళ్లు పెద్దల కాళ్లకు మొక్కి దీవెనలు తీసుకుంటారు.

సగ సంగతి తెలియనివాళ్లకు ఇది ముచ్చటైన ఆచారంలా కనబడుతుంది. తెలిసినవాళ్లకు ఇందులోని అసలు విషయం వేరు. కోడలు తప్పనిసరిగా వేరే సగ నుంచి వస్తుందని చెప్పుకున్నాం. అంటే ఆమె పుట్టింటి దేవుడు వేరు. పెళ్లితో ఇల్లు మారినట్టే దేవుడూ మారాలి. పెళ్లినాడు ఆమె మొగుడి ఇంటికి వచ్చింది, భేటింగ్ నాడు మొగుడి వంశానికి వచ్చింది. ఆ రోజు నుంచే మెస్రం దేవుడి కొలువులో ఆమెకు పూర్తి హక్కు. పెళ్లై కొన్నేళ్లు గడిచినా భేటింగ్ జరగకపోతే ఆ లెక్క పెండింగులో ఉన్నట్టే.

మర్రిచెట్ల కింద పోయినవాళ్ల పేర్లు తీశారు. గుడి ముందు వచ్చినవాళ్ల పేర్లు చేర్చారు. ఒక వంశం తన జనాభా లెక్కలు తనే రాసుకునే పద్ధతి ఇది. కాగితం మీద రాయదు, అంతే తేడా.

మరి, ఇది హిందువుల దేవుడా?

జాతర దగ్గరపడ్డప్పుడల్లా లేచే ప్రశ్న ఇది. తొందరపడి ఔనన్నా కాదన్నా సగం సంగతి జారిపోతుంది.

ముందు పేరు చూడండి. విఠోబా, ఖండోబా, నాగోబా. చివర ఉన్న 'బా' మరాఠీ మర్యాద, మన అయ్యలాంటిది. మహారాష్ట్ర సరిహద్దు పక్కనే ఉంది గనక ఆ మర్యాద గోండు దేవుడి పేరుకూ అంటింది. నాగోబాను శేషనాగుగా కొలిచేవాళ్లున్నారు. గోండుల సృష్టికథల్లో శంభు మహాదేవుడు, పార్వతి కనబడతారు. కోడలి పేరు గౌరి. తిథి మన పంచాంగంలోదే. ఇంతవరకూ చూస్తే హిందూ దేవుడే అనిపిస్తాడు.

ఇప్పుడు రెండోవైపు. ఆ సృష్టికథల్లోనే గుహలో చిక్కుకున్న గోండు దేవతలను విడిపించి, వాళ్లను సగలుగా విభజించి, కట్టుబాట్లు నేర్పింది పహండి కుపార్ లింగాల్. మన పురాణాల్లో ఆయన జాడ లేదు. నాగోబా పూజారి కటోడా, మెస్రం మనిషే. బ్రాహ్మణ పురోహితుడి పని ఇక్కడ లేదు. తూమ్, భేటింగ్, పెర్సాపేన్, ఏవీ ఆగమశాస్త్రంలో దొరకవు. తమది వేరే ధర్మం, కోయ పునేం అని చెప్పే గోండులున్నారు. మేమూ హిందువులమే అనేవాళ్లూ వాళ్లలోనే ఉన్నారు.

దేవుడి పేరు బట్టి జాతర ఎవరిదో తేల్చబోతే ఈ చిక్కు విడిపోదు. పేర్లు సరిహద్దులు దాటుతాయి, కథలు కలుస్తాయి, దేవుళ్లు ఇరుగుపొరుగు ఇళ్లకు వచ్చిపోతుంటారు. పనులు అంత సులువుగా చేతులు మారవు. నీళ్లు ఎవరు తేవాలి, పుట్ట ఎవరు కట్టాలి, ఏ కోడలిని ఏ పెద్దకు చూపాలి అన్నవి మెస్రం వాళ్లకే తెలుసు, మెస్రం వాళ్లే తేల్చాలి. దర్శనం అందరిది. జాతర మాత్రం వాళ్లది.

మేడారంతో పోల్చినా ఇదే తేలుతుంది. సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుంది. అక్కడ కోయ పూజారులు అడవి నుంచి అమ్మలను గద్దెకు తెస్తారు. అందరి కళ్లూ ఆ రాకమీదే. నాగోబా ఎక్కడికీ కదలడు. కదిలివచ్చేది చుట్టాలు.

దర్బారు ఎందుకు వచ్చింది?

1940లో జోడేఘాట్ కొండల్లో నిజాం పోలీసుల తూటాలకు గోండుల నాయకుడు కుమ్రం భీం ప్రాణాలు కోల్పోయాడు. జల్, జంగల్, జమీన్ కోసం గోండులు అంతదాకా ఎందుకు తెగించారో కనుక్కోవడానికి నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా దేశస్థుడైన మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో మకాం పెట్టాడు. గోండుల మధ్య ఉండి చూసి రాసిన ఆయన పుస్తకం 1948లో అచ్చయింది. మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైందీ ఆయన చొరవతోనే.

కొండకోనల్లో చెల్లాచెదురుగా ఉన్న జనం అధికారి దగ్గరికి రాలేరు, అధికారి అన్ని గూడేలకూ వెళ్లలేడు. కానీ ఏడాదికోసారి వాళ్లంతా ఒకచోట చేరతారు. అధికారులే అక్కడికి వెళ్లి కూర్చుంటే సరి. 1940ల్లో కేస్లాపూర్‌లో దర్బారు పుట్టింది ఈ ఆలోచనతోనే. నిజాం పోయాడు, రాష్ట్రాలు మారాయి, జిల్లాలు విడిపోయాయి. జాతర రోజుల్లో కలెక్టర్, ఉట్నూరు ఐటీడీఏ అధికారులు వచ్చి కూర్చుని అర్జీలు తీసుకోవడం ఇప్పటికీ సాగుతోంది.

అర్జీల్లో ఉండేవి పాత మాటలే. భూమి, పట్టా, రోడ్డు, నీళ్లు, బడి. ఇదే ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20న భూమి కోసం సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలో చనిపోయినవాళ్లు 13 మంది, ఇంకా ఎక్కువేనని హక్కుల సంఘాలు చెబుతూ వచ్చాయి. ఇంద్రవెల్లిలో అమరుల స్తూపం ఉంది, ఝరి ఆగే ఇంద్రమాయి గుడీ ఉంది. దర్బారులో ఇచ్చే కాగితాల బరువు కొలవాలంటే ఈ రెంటినీ చూడాలి.

ఇరవై మూడో పొయ్యి లేదు

దర్బారు అయ్యాక బేతాల్ పూజ, మండగాజిలి పూజ జరుగుతాయి. వాటితో కేస్లాపూర్‌లో మెస్రం వాళ్ల పని పూర్తవుతుంది. అక్కడి నుంచి ఉట్నూరు మండలం శ్యాంపూర్‌లో బుడుందేవ్ అనే దేవుడి దగ్గరికి వెళ్తారు.

చూడాలనుకునేవాళ్లు ఆదిలాబాద్ నుంచి ఉట్నూరు వెళ్లే రోడ్డులో ముత్నూరు దగ్గర లోపలికి తిరగాలి. ఇప్పుడు కనిపించే రాతిగుడి 2022 డిసెంబర్‌లో ప్రారంభమైంది. కోట్ల రూపాయలు అయిన ఆ గుడిని మెస్రం వాళ్లే చందాలు వేసుకొని కట్టుకున్నారు. తెలంగాణ ప్రభుత్వం జాతరను రాష్ట్ర పండగగా గుర్తించింది. జెయింట్ వీల్, మిఠాయి దుకాణాలు, సెల్ఫీలు అన్నీ ఉంటాయి. వాటిని దాటుకొని గుడి దగ్గరి గోవాడ వైపు నడవండి. మెస్రం వాళ్లు దిగేదీ వండుకునేదీ ఆ ప్రాకారం లోపలే.

అక్కడ 22 పొయ్యిలుంటాయి. కితలు 22 గనక పొయ్యిలూ 22. ఒకప్పుడు ఒక్కో కితలో కొన్ని కుటుంబాలే ఉండి ఉంటాయి. ఇప్పుడు వందల కుటుంబాలు. రైతులున్నారు, టీచర్లున్నారు, పట్నం ఉద్యోగాలవాళ్లున్నారు. మనమైతే జనం పెరిగారు, ఇంకో పాతిక పొయ్యిలు పెట్టండి అంటాం. గ్యాస్ స్టవ్ తెచ్చుకుంటాం. వాళ్లు అలా చేయరు. వంతు వచ్చేదాకా ఆగుతారు. ఒక కుటుంబం కుండ దింపితే ఇంకో కుటుంబం ఎక్కిస్తుంది. తన పొయ్యి ఏదో తెలియనివాడికి అక్కడ వంట కుదరదు. అది తెలియాలంటే తన కిత తెలియాలి. కిత తెలియాలంటే తాతల పేర్లు తెలియాలి. వంతు కోసం ఎసరు కుండ పట్టుకొని నిలబడిన కుర్రవాడికి ముందున్నవాడు అన్న అవుతాడో చిన్నాన్న అవుతాడో ఆ పొగలోనే తెలిసిపోతుంది.